నేలమీద పొర్లిన పునీతురాలు

గోధుమరంగు మఠ వస్త్రం, తెల్లని పైవస్త్రం, చేతుల్లో సిలువ, సిలువను కప్పిన గులాబీలు, ముఖాన చెదరని ప్రశాంతత. పునీత చిన్న తెరేజమ్మ గారి స్వరూపం మన దేవాలయాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. అక్టోబరు 1న ఆమె పండుగనాడు ఆ స్వరూపానికి పూలదండ వేస్తున్న తల్లి, అదే సమయాన చెప్పులు విసిరికొట్టి, నేలమీద పడి కాళ్ళు తన్నుకొంటూ ఏడుస్తున్న తన మూడేళ్ళ బిడ్డను చూసి నలుగురిలో సిగ్గుతో కుంచించుకుపోతుంది. ఆ స్వరూపంలో ఉన్న అమ్మాయి కూడా మూడేళ్ళప్పుడు అచ్చం అలాగే పొర్లిందని ఆ తల్లికి ఎవరూ చెప్పరు. పునీతుల జీవితాలను మనం చివరినుంచి చదవడానికి అలవాటుపడ్డాం.

ఈ సంగతి కన్నతల్లి ఉత్తరాల్లోనే ఉంది. జేలీ మార్టిన్ గారు పిల్లలకు, తమ్ముడికి, మరదలికి రాసిన ఉత్తరాలు రెండు వందలకు పైగా మిగిలాయి. 1875 డిసెంబరులో, చిట్టచివరి బిడ్డకు ఇంకా మూడేళ్ళు నిండకముందు, ఆ బిడ్డ సంగతి ఆమె దాపరికం లేకుండా రాశారు. తాననుకున్నది జరగకపోతే ఇక అంతా అయిపోయినట్లు నేలమీద దొర్లుతుందట. ఒక్కోసారి ఏడుపు ఎంత ముంచుకొస్తుందంటే ఊపిరి ఆడక ఉక్కిరిబిక్కిరి అవుతుందట. మరికొన్ని నెలలకు ఇంకో ఉత్తరంలో ఆ పిల్ల మొండితనం గురించి రాశారు. ఒకసారి కాదంటే ఇక ఏ శక్తీ ఔననిపించలేదు. రోజంతా నేలమాళిగలో పెట్టినా అక్కడే పడుకొంటుంది గాని లొంగదు అని ఆ తల్లి అంచనా. అవే ఉత్తరాల్లో అదే బిడ్డ తెలివినీ, ప్రేమనూ, నిజాయితీనీ మురిసిపోతూ రాశారు. రెండూ ఒకే బిడ్డవని ఆమెకు తెలుసు.

తెరేజ 1873 జనవరి 2న ఫ్రాన్సు దేశంలో, నార్మండీ ప్రాంతపు అలాన్సోన్ పట్టణంలో పుట్టింది. తండ్రి లూయీ మార్టిన్ గారు గడియారాల పనివాడు. తల్లి లేసు పని చేయించేవారు. మన నరసాపురం వైపు ఆడవాళ్ళు కొక్కెపు సూదితో అల్లే లేసు వేరు; అలాన్సోన్ లేసు మామూలు సూదితో దారంమీద దారం కుట్టుకుపోయేది, కళ్ళు పోయేంత పని. తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురు పసితనంలోనే పోయారు. మిగిలినవారు మరియ, పౌలీన, లెయోని, సెలీన, కడపటి బిడ్డ తెరేజ.

పుట్టిన రెండు నెలలకే తెరేజ ప్రాణం మీదికి వచ్చింది. తల్లికి పాలు ఇచ్చే శక్తి లేదు. జేలీ గారు స్వయంగా సెమాలే అనే పల్లెకు నడిచి వెళ్ళి, రోజ్ అనే రైతు ఇల్లాలిని పిలుచుకొచ్చారు. ఆ పాలతో బిడ్డ బతికింది. తర్వాత ఏడాదిపాటు ఆ పల్లెలో, ఆవులమధ్య, ఎండలో పెరిగింది. రోజ్ వెన్న అమ్ముకోవడానికి పట్నం సంతకు వచ్చినప్పుడు బిడ్డను కన్నవారింట దించేది. అప్పుడు మొదలయ్యేది గోల. తల్లి ఎత్తుకొన్నా ఆగదు. ఒక గురువారం ఇక చేతగాక పనిమనిషి చేత బిడ్డను సంతకే పంపించారు. రోజ్ కనబడగానే తెరేజ నవ్వింది. మధ్యాహ్నందాకా వెన్న అమ్మే ఆడవాళ్ళ మధ్య కిక్కురుమనకుండా కూర్చుంది.

కన్నతల్లికి ఇది ఎంత కోతో ఊహించండి. కాని ఆమె దానిని తన గౌరవానికి దెబ్బగా తీసికోలేదు. బిడ్డ అమ్మను వెదుకుతోంది, ఆ సమయానికి ఆ బిడ్డకు అమ్మ అంటే రోజ్. 1874 ఏప్రిల్ 2న, పదిహేను నెలల వయసులో, తెరేజ శాశ్వతంగా ఇంటికి వచ్చింది. ఇల్లు చేరినందుకు మనం సంతోషిస్తాం. ఆ పసిదాని లెక్కలో మాత్రం అది ఒక అమ్మను పోగొట్టుకోవడమే. తర్వాత కొన్నాళ్ళకు మేడమెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతూ, ప్రతి మెట్టు మీదా ఆగి అమ్మా అని పిలిచేదట. కిందినుంచి అమ్మ పలికితేనే తర్వాతి మెట్టు. పలక్కపోతే అక్కడే నిలబడిపోయేది. ఎన్ని మెట్లుంటే అన్నిసార్లు జేలీ గారు పలికేవారు. చేతిలో లేసు, బయట ఖాతాదారులు, ఒంట్లో బాగాలేదు, అయినా పలికేవారు.

కోపం వచ్చిన పిల్లను ఏం చెయ్యాలి? మనవాళ్ళకు మూడు పద్ధతులు తెలుసు. వీపుమీద ఒకటి వెయ్యడం, బూచివాడు వస్తాడని బెదిరించడం, ఈమధ్య వచ్చింది చేతిలో సెల్‌ఫోను పెట్టడం. మూడింటికీ ఏడుపు ఆగుతుంది, నిజమే. ఏడుపు ఎందుకు వచ్చిందో మాత్రం తెలియకుండాపోతుంది. గురువిద్యాలయంలో మాకు చెప్పిన పాఠం ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. బుద్ధి చేతినీ కాలినీ బానిసల్లా ఆజ్ఞాపిస్తుంది, ఎత్తమంటే ఎత్తుతాయి. కోపతాపాలు అలాకావు, అవి స్వతంత్ర పౌరుల్లాంటివి; ఎదురు తిరుగుతాయి, వాటిని మెల్లగా ఒప్పించి ఏలుకోవాలి. అరిస్టాటిల్ చెప్పిన ఈ మాటను పునీత తోమాసు అక్వీనాసు గారు స్వీకరించారు. పెద్దవాళ్ళకే ఆ ఏలుబడి కష్టం. ఆ పని చేసే మెదడు భాగం మూడేళ్ళ పిల్లలో ఇంకా కట్టడంలోనే ఉంటుందని నేటి వైద్యులు చెబుతున్నారు. లేని ఏలికను పిలిచి ప్రజలను అదుపుచెయ్యమంటే ఎలా?

మార్టిన్ దంపతులు పిల్ల కోరిందల్లా ఇచ్చేవారని మాత్రం అనుకోవద్దు. ఆ ఇంట్లో తప్పు తప్పే. అయితే తప్పు చేసిన పిల్ల దాచుకోవలసిన అవసరం లేని ఇల్లు అది. ఒకరోజు తెరేజ గోడకు అంటించిన కాగితం మూల చించేసింది. నాన్న రాగానే ఆయనకు చెప్పాలని పట్టుబట్టింది. పెద్దక్క మరియ ఆ మాట చెబుతుంటే తీర్పుకోసం నిలబడ్డ నేరస్థురాలిలా నిలబడింది. ఒప్పుకుంటే క్షమిస్తారన్న నమ్మకం దానికి ముందే ఉంది. సెలీనను తోసేసినా అంతే. క్షమించేదాకా ఏడ్చుకొంటూ వెంటపడేది. తర్వాత మరియ ఇచ్చిన పూసలదారం ఒకటి ఆ చిన్నదాని జేబులో ఉండేది. తన ఇష్టాన్ని చంపుకొని ఒక మంచిపని చేసినప్పుడల్లా ఒక పూస జరపాలి. రోజుకు వందసార్లు చెయ్యి జేబులోకి వెళ్ళేదని తల్లి రాశారు. నాలుగేళ్ళ పిల్ల తనను తాను ఏలుకోవడం ఆటగా నేర్చుకొంటోంది.

అదే ఇంట్లో ఇంకొక బిడ్డ కథ ఉంది. దానిని చెప్పకుండా తెరేజ కథ చెబితే మార్టిన్ గారి ఇల్లు బొమ్మరిల్లులా కనిపిస్తుంది. మూడవ అమ్మాయి లెయోని చిన్నప్పటినుంచి రోగిష్టిది, చదువు అంతంతమాత్రం. ల మాన్ పట్టణంలో పెద్దమ్మ కన్యస్త్రీగా ఉన్న మఠం బడిలో వేశారు. నిలబెట్టుకోలేక వాళ్ళు వెనక్కి పంపారు. మళ్ళీ వేశారు, మళ్ళీ పంపారు. ఇంట్లో ఎవరి మాటా వినేది కాదు, ఒక్క పనిమనిషి మాట తప్ప. ఆమె చెబితే వెంటనే చేసేది. తల్లి ఎంత దగ్గరికి తీసికోవాలని చూసినా పారిపోయేది. 1877 వసంతకాలంలో మరియ కనిపెట్టింది. ఎవరూ లేనప్పుడు ఆ పనిమనిషి లెయోనిని బెదిరించి, హింసించి, తన చెప్పుచేతల్లో ఉంచుకొంది. తల్లి దగ్గరికి చేరితే ఊరుకోనని హెచ్చరించింది.

పద్నాలుగేళ్ళు కావస్తున్న పిల్ల. అన్నాళ్ళుగా ఇల్లంతా మొండి అని పేరుపెట్టింది భయానికి. ఇంత భక్తిగల తల్లి, ఇంత జాగ్రత్తగల ఇల్లు, అయినా కళ్ళెదుట జరిగింది తెలియలేదు. నాకైతే ఆ కుటుంబ చరిత్రలో ఇంతకంటె భయంకరమైన పుట లేదు. మన ఇళ్ళలో కూడా ఒకరి ముందు మాత్రమే నోరెత్తని పిల్ల ఉంటే, ఆ ఒకరు బంధువైనా, ట్యూషను మాస్టరైనా, గుడికి సంబంధించిన మనిషైనా, ఆ వినయాన్ని చూసి మెచ్చుకోవడానికి ముందు పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టుకొని నెమ్మదిగా అడగాలి. జేలీ గారు వెంటనే లెయోనితో ఆ పనిమనిషి మాట్లాడకుండా కట్టడి చేశారు. బిడ్డను తన పక్కనే ఉంచుకొన్నారు. కొద్ది వారాల్లోనే లెయోని మెత్తబడి, తల్లిని విడిచిపెట్టకుండా తిరిగింది. కాని తల్లికి అప్పటికే రొమ్ము క్యాన్సరు ముదిరిపోయింది. ఈ బిడ్డకోసమైనా బతకాలని ఆమె కోరుకొన్నారు. 1877 ఆగస్టు 28న కన్నుమూశారు.

తెరేజకు అప్పటికి నాలుగున్నరేళ్ళు దాటాయి. అంత్యక్రియలనాడు పెద్దగా ఏడవలేదు. అందరూ హడావుడిగా ఉంటే ఆ పిల్ల వరండాలో నిలబెట్టిన శవపేటిక మూత ముందు ఒంటరిగా నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత పౌలీనను అమ్మగా ఎంచుకొంది. ఆ రోజునుంచి స్వభావమే మారిపోయిందని పెద్దయ్యాక తానే రాసుకొన్నారు. చలాకీ పిల్ల బెదురుగొడ్డు అయింది. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, కళ్ళలో నీళ్ళు. నేలమీద పొర్లడం పోయి ఈ ఏడుపు వచ్చింది. చూసేవాళ్ళకు పిల్ల నెమ్మదించింది అనిపిస్తుంది.

నవంబరులో తండ్రి పిల్లలను తీసికొని లిసియు పట్టణంలో మేనమామ ఇంటికి దగ్గరగా మకాం మార్చారు. అక్కడ పౌలీన ఆమెను ప్రేమగానూ గట్టిగానూ పెంచింది. ఒకసారి వద్దంటే మళ్ళీ సరే అనేది కాదు. షికారుకు తీసికెళ్ళాలంటే నాన్నగారు కూడా పౌలీన ఒప్పుకోలు చూసుకోవలసిందే. అమ్మ వద్దన్నది నాయనమ్మ చాటుగా చేతిలో పెట్టే ఇళ్ళకు ఈ సంగతి వింతగా ఉంటుంది. చీకటంటే తెరేజకు భయం. పౌలీన సాయంకాలాల్లో దూరపు గదిలోని వస్తువు ఏదో తెమ్మని ఒంటరిగా పంపేది. అలా చెయ్యకపోతే జీవితమంతా పిరికిదానిగా మిగిలేదాన్నని తెరేజమ్మ కృతజ్ఞతతో తలచుకొన్నారు.

అటువంటి పౌలీన 1882 అక్టోబరు 2న కార్మెల్ మఠంలో చేరింది. దేవుని పిలుపును తప్పుపట్టలేం. తప్పు జరిగింది పిల్లకు చెప్పడంలో. అక్కలిద్దరూ మాట్లాడుకొంటుంటే తెరేజ చెవిన పడింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చూడబోతే మఠం జల్లెడ తలుపు వెనకనుంచి కొద్ది నిమిషాలు, అదీ అందరితో కలిసి. తలనొప్పులు మొదలయ్యాయి. 1883 మార్చి 25, ఈస్టరు పండుగ. తండ్రి పారిస్‌లో ఉన్నారు. మేనమామ పాపం ఓదార్పుగానే చనిపోయిన అమ్మ సంగతులు తీశారు. తెరేజ ఏడ్చింది, ఆ రాత్రికి ఒళ్ళంతా వణుకు పట్టుకొంది.

తర్వాతి వారాలు ఆ ఇంటికి నరకం. కేకలు, వణుకు, మంచంమీదనుంచి కిందికి దూకడం, గోడ మేకులు భయంకరంగా కనిపించడం, అయినవాళ్ళను గుర్తుపట్టకపోవడం. తెరేజమ్మ స్వయంగా ఈ జబ్బులో సైతాను చెయ్యి ఉందని నమ్మారు. ఆ నమ్మకాన్ని నేను తీసిపారెయ్యను. కాని ఆ కుటుంబం ఏం చేసిందో చూడండి. వైద్యుణ్ణి పిలిపించారు, ఆయన చెప్పిన చికిత్స చేయించారు. తండ్రి పారిస్‌లోని విజయమాత దేవాలయంలో దివ్యబలిపూజలు చెప్పించారు. మరియ రాత్రింబగళ్ళు మంచం దిగలేదు. ఎవరూ పిల్లను కట్టివెయ్యలేదు, కొట్టలేదు, దయ్యం పట్టిందని ఊరూరా తిప్పలేదు. ఇలాంటి లక్షణాలున్న పిల్లలను ముందు స్వస్థత కూటాలకు తిప్పి, ఆఖరున ఆసుపత్రికి తెచ్చేవారిని విచారణల్లో చూస్తూనే ఉన్నాను. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టినవారు మార్టిన్ గారి ఇంట ఎవరూ లేరు.

మే 13, పెంతెకోస్తు ఆదివారం. తెరేజ మరియ కోసం పిలుస్తూనే ఉంది. మరియ తోటలోనుంచి వచ్చి ఎదుట నిలబడినా గుర్తుపట్టలేదు. అక్కలు ముగ్గురూ మంచం పక్కన ఉన్న మరియమాత స్వరూపం ముందు మోకరించారు. తెరేజ కూడా ఆ తల్లివైపు తిరిగింది. దేవమాత తనను చూసి చిరునవ్వు నవ్వింది. పిల్ల కళ్ళవెంట రెండు పెద్ద కన్నీటి చుక్కలు రాలాయి, ఎదుటనున్న అక్కను గుర్తుపట్టింది. వరుసగా అమ్మలను పోగొట్టుకొంటున్న బిడ్డకు స్వర్గం పంపింది ఉపదేశం కాదు, ఒక అమ్మ నవ్వు. ఆ తర్వాత మఠంలో పెద్దలు అడిగిన ప్రశ్నలతో, అబద్ధం చెప్పానేమో అని పిల్ల నాలుగేళ్ళు నలిగింది. పిల్లల లోపలి సంగతులను పెద్దల కుతూహలానికి ఇవ్వకూడదు.

జబ్బు పోయింది గాని ఏడుపు పోలేదు. ఏదో చిన్న మాటకు ఏడ్చేది, ఊరుకొన్నాక ఏడ్చినందుకు మళ్ళీ ఏడ్చేది. 1885 మే నుంచి పాపభయం అనే కొత్త వేదన పట్టుకొంది; ప్రతి ఆలోచనా పాపమేనని. ప్రతిరోజూ మరియ ముందు అవన్నీ కక్కేది, మరియ ఓపికగా వినేది. 1886 అక్టోబరులో మరియ కూడా కార్మెల్‌కు వెళ్ళిపోయింది. రోజ్, జేలీ గారు, పౌలీన, మరియ. నలుగురు అమ్మలు అయిపోయారు. అప్పుడు తెరేజ పసితనంలో చనిపోయిన నలుగురు అన్నలూ అక్కలనూ పిలిచి, తనకు మనశ్శాంతి తెమ్మని వేడుకొంది. ఆ శాంతి దొరికింది.

ఆ సంవత్సరం క్రిస్మస్ రాత్రి అందరికీ తెలిసినదే. అర్ధరాత్రి పూజనుంచి వచ్చారు. పొయ్యి దగ్గర బూట్లలో కానుకలు పెట్టే చిన్నపిల్లల ఆచారం తెరేజకు ఇంకా సాగుతోంది, పద్నాలుగేళ్ళు నిండవస్తున్నా. అలసిపోయిన తండ్రి, ఇదే ఆఖరి ఏడాది కదా అన్న అర్థంలో విసుగ్గా ఒక మాట అన్నారు. మెట్లెక్కుతున్న తెరేజకు వినిపించింది. సెలీన చెల్లెలి కళ్ళు చూసి, ఇప్పుడే కిందికి వెళ్ళవద్దంది, ఏడుపు ఆగదని. తెరేజ కన్నీళ్ళు దిగమింగి, గబగబ మెట్లు దిగి, ఆ బూట్లు తండ్రి ముందు పెట్టి, ఒక్కొక్క కానుకనూ నవ్వుతూ తీసింది. తండ్రి కూడా నవ్వారు. పదేళ్ళుగా తాను చెయ్యలేని పనిని యేసు ప్రభువు ఒక్క క్షణంలో చేశాడని ఆమె భావించారు.

ఆమె మాట నిజం, అది వరప్రసాదమే. అయితే మెట్టు మెట్టుకూ పలికిన అమ్మ, పూసలదారం ఇచ్చిన అక్క, వద్దంటే వద్దే అన్న పౌలీన, విసుక్కోకుండా విన్న మరియ, వీళ్ళ పదేళ్ళ పని కూడా ఆ రాత్రి ఆ మెట్లమీద ఉంది. మన తల్లులకు ఆ పదేళ్ళ సంగతి చెప్పకుండా ఒక్క క్షణం సంగతే ప్రసంగాల్లో చెబుతాం. అప్పుడు వాళ్ళు నెల తిరగకుండానే నిరాశపడతారు.

1888 ఏప్రిల్ 9న, పదిహేనేళ్ళకు, తెరేజమ్మ లిసియు కార్మెల్ మఠంలో ప్రవేశించారు. 1893 నుంచి కొత్తగా చేరిన నవ కన్యలను తీర్చిదిద్దడంలో సహాయపడ్డారు. 1896 నుంచి ఆ భారం దాదాపు ఆమెదే. అందరినీ ఒకే కొలతతో కొలవకూడదని అక్కడ గ్రహించారు. కొందరికి తన సొంత బలహీనతలు చెప్పుకొని దగ్గర కావాలి, కొందరితో అలా చేస్తే పని చెడుతుంది, గట్టిగా నిలబడాలి. ఏడుపు తెలిసిన మనిషికి ఏడ్చేవాళ్ళ రకాలు కూడా తెలుస్తాయి.

ఆ నవ కన్యల్లో త్రిత్వపు మరియమ్మ అనే చిన్నవయసు కన్యస్త్రీ ఉండేది. తెరేజమ్మ లాగానే అయినదానికీ కానిదానికీ ఏడ్చేది. తెరేజమ్మ ఆమెను కోప్పడలేదు. బొమ్మలకు రంగులు కలుపుకొనే ఆల్చిప్ప ఒకటి తీసికొని, ఆ అమ్మాయి చేతులు పట్టుకొని, కళ్ళు తుడుచుకోనివ్వకుండా, కన్నీటి చుక్కలను ఆ ఆల్చిప్పలో పట్టడం మొదలుపెట్టారు. ఏడుస్తున్న అమ్మాయి పకపక నవ్వింది. ఇకనుంచి ఎంతైనా ఏడువు, కాని ఈ ఆల్చిప్పలోనే ఏడవాలి అన్నది ఏర్పాటు. కన్నీళ్ళు చుక్క చుక్కా పట్టుకోవాలంటే ఒక కంటినుంచి ఇంకో కంటికి ఆల్చిప్పను పరుగులు తీయించాలి. ఆ తొందరలో దుఃఖం ఎక్కడికి పోయేదో తెలిసేది కాదట.

1897 సెప్టెంబరు చివరి రోజులు. క్షయరోగంతో తెరేజమ్మ ఊపిరి ఆడక మంచంమీద ఉన్నారు. వయసు ఇరవైనాలుగు. మరియమ్మ కళ్ళు చూసి, ఏడ్చావా, ఆల్చిప్పలోనేనా అని అడిగారు. కాదని ఆమె ఒప్పుకొంది. మీరు పోతే మాత్రం స్వేచ్ఛగా ఏడవడానికి అనుమతి ఇవ్వమని బతిమాలుకొంది. తెరేజమ్మ ఆలోచించి, ఆమె బలహీనత మీద జాలిపడి, మొదటి కొన్ని రోజులకు అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత మళ్ళీ ఆల్చిప్ప తీసికోవలసిందేనని చెప్పారు. సెప్టెంబరు 30 సాయంకాలం ఆమె ప్రాణం విడిచారు.